నాయనమ్మ ముఖం పచ్చగా ఎందుకుంది?

ప్రశ్న: మాస్టారికి నమస్కారం. మాది టంగుటూరు దగ్గర పల్లె. మా పెద్దమ్మాయి ఫైన్ ఆర్ట్స్‌లో పెయింటింగ్ మూడో సంవత్సరం చదువుతోంది. సంక్రాంతికి వచ్చినప్పుడు వాళ్ల నాయనమ్మను ఎదురుగా కూర్చోబెట్టుకుని స్కెచ్‌లు వేసుకుంది. ఇప్పుడు ఆయిల్ కలర్స్‌తో పెద్ద బొమ్మ వేసి ఫోన్‌లో ఫొటో పంపింది. మూడడుగుల వెడల్పు, నాలుగడుగుల ఎత్తు అంట. చూసి ఇంటిల్లిపాదీ నోరెళ్లబెట్టాం. ముఖం ఆకుపచ్చ. కళ్లు ఉత్త గీతలు. చేతులు ఒక్కోటీ ముఖం కంటే పెద్దవి. వెనకాల గోడ లేదు, గడప లేదు, అంతా పసుపు. మా అత్తమ్మ చూసి, “ఏందిమే, నాకేమన్నా పసిరికలొచ్చినాయా?” అనింది. మా ఆయన ఫీజుల లెక్క తీశాడు. మా మరిది, “మనిషిని మనిషిలాగా వెయ్యడం చేతగాకపోతే దాన్నే మోడర్న్ ఆర్ట్ అంటారు” అన్నాడు. ఆ మాట నాకు గుచ్చుకుంది. లోపల నాకూ అదే అనుమానం. అమ్మాయిని అడిగితే, “అర్థాలు అడగబాకమ్మా, ఊరికే చూడు” అంటుంది. ఎంత చూసినా పచ్చ ముఖమే కనిపిస్తోంది. వచ్చే నెల కాలేజీలో ఎగ్జిబిషన్, అందరూ రావాలంటోంది. నలుగురిలో ఏం మాట్లాడాలో అని టెన్షన్‌గా ఉంది. ఇట్లాంటి బొమ్మను ఎట్లా చూడాలి? మా మరిది అన్నది నిజమేనా? ఫొటో పంపుతున్నాను. మా అత్తమ్మ ఓపిక ఉన్నన్నాళ్లు పొగాకును వేడి మీద ఆరబెట్టే బ్యారన్ల దగ్గర కూలికి పోయేది, ఇప్పుడు ఇంట్లోనే ఉంటుంది.
— ఒక తల్లి, ప్రకాశం జిల్లా

సమాధానం:

అమ్మా,

మీ మరిది మాటతోనే మొదలుపెడతాను, మిమ్మల్ని పొడుస్తున్నది అదే కాబట్టి. చేతగాక మోడర్న్ ఆర్ట్ అని బుకాయించేవాళ్లు ఉన్నారు. నేను చూశాను. డ్రాయింగ్ మాస్టరుగా ఒకరిద్దరికి పోనీలే అని మార్కులు కూడా వేశాను. కాబట్టి ఆయన్ని తప్పుపట్టను. అయితే మీ అమ్మాయి ఆ కోవలోదా కాదా తేల్చుకోవడానికి నా మాట నమ్మాల్సిన పని లేదు. మీ దగ్గరున్న ఫొటోను ఫోన్‌లో ఎడిట్‌లోకి వెళ్లి బ్లాక్ అండ్ వైట్ చేసి చూడండి. నేను అదే చేశాను.

ఆకుపచ్చ పోయింది. దాని కింద ఒక ముసలావిడ కూర్చుని ఉంది. ఎడమవైపు నుంచి వెలుతురు పడుతోంది. ఆ వైపు చెంప ఎముక మీద తెలుపు, దాని కింద పళ్లూడి లోపలికి పోయిన బుగ్గలో బూడిదరంగు, దవడ కింద నలుపు. మెడ నరం ఒకటి సాగి ఉంది. ముక్కుపుడక ఉండాల్సిన చోట చిన్న మెరుపు. తల కొంచెం ముందుకు వాలిన తీరు కూడా మీ అత్తమ్మదే అయ్యుంటుంది, మీకే తెలియాలి.

ప్రతి రంగులోనూ రెండు సంగతులుంటాయి. ఎరుపా, నీలమా, పచ్చా అనేది ఒకటి. అది ఎంత వెలుగ్గా ఉంది, ఎంత ముదురుగా ఉంది అనేది రెండోది. ముఖాన్ని మనం పోల్చుకునేది చాలావరకు ఈ రెండోదాన్ని బట్టే. పాత బ్లాక్ అండ్ వైట్ ఫొటోలో తాతను గుర్తుపట్టడానికి మనకెవరికీ ఇబ్బంది లేకపోవడం అందుకే. మీ అమ్మాయి మొదటిదాన్ని తన ఇష్టం వచ్చినట్టు మార్చింది, రెండోదాన్ని ముట్టుకోలేదు. చెయ్యి తిరగనివాళ్లు వేసిన పచ్చ ముఖాన్ని ఇట్లాగే బ్లాక్ అండ్ వైట్ చేస్తే సొరకాయ మిగులుతుంది. ఇక్కడ మనిషి మిగిలింది. మీ మరిదికి కూడా ఒకసారి చూపించండి, వాదించకుండా.

ఈ కిటుకు నాకు తెలివితో తట్టలేదు, పొరపాటున దొరికింది. డ్రాయింగ్ లోయర్, హయ్యర్ పరీక్షలకు తయారవుతున్న రోజుల్లో లైబ్రరీలో ఒక పాత పుస్తకంలో మతీస్ అనే ఫ్రెంచి చిత్రకారుడు వేసిన బొమ్మ చూశాను. నలుపు తెలుపు అచ్చు. భార్య ముఖం, జుట్టు పైకి ఎత్తి ముడి వేసుకుంది. బాగానే వేశాడు, ఇందులో గొప్పేముంది అనుకుని పేజీ తిప్పేశాను. చాలా ఏళ్లకు అదే బొమ్మ రంగుల్లో కనిపించింది. నుదుటి పైనుంచి ముక్కు మీదుగా కిందికి ఒక లావుపాటి ఆకుపచ్చ చార! ముఖాన్ని రెండుగా చీల్చినట్టుంది. ఒక చెంప ఒక రంగు, రెండో చెంప ఇంకో రంగు. నలుపు తెలుపులో అది ముక్కు నీడగా సర్దుకుపోయింది, నాకు అనుమానం కూడా రాలేదు. ఆ బొమ్మ 1905 నాటిది. ఇప్పుడు కోపెన్‌హాగన్ మ్యూజియంలో ఉంది. అదే ఏడాది ప్యారిస్‌లో జరిగిన ప్రదర్శనలో మతీస్ తన భార్యనే టోపీతో వేసిన ఇంకో బొమ్మ పెడితే జనం నవ్వారు. ఆయన్నీ ఆయన స్నేహితుల్నీ కలిపి ఒక విమర్శకుడు క్రూరమృగాలన్నాడు. ఆ పేరే ఆ గుంపుకు స్థిరపడిపోయింది. మీ ఇంట్లో మాట్లాడుకున్న మాటలు ప్యారిస్‌లో నూట ఇరవై ఏళ్ల కిందటే అయిపోయాయి.

ప్యారిస్ దాకా ఎందుకు? మన నెల్లూరు, ప్రకాశం పల్లెల్లో తోలుబొమ్మలాట చూస్తూ పెరిగిన తరం మీ అత్తమ్మది. తెర మీద రాముడు నీలంగా వస్తే ఆమె ఏనాడన్నా “ఈయనకేం జబ్బు చేసింది” అని అడిగిందా? కాళహస్తి కలంకారీలో దేవుళ్లు నీలం, ఆడవాళ్లు పసుపు, రాక్షసులు ఎరుపు. ఇది చర్మం రంగు కాదని, ఆ మనిషి ఎవరో చెప్పే రంగని మనకు పుట్టుకతోనే తెలుసు. దేవుడికి ఒప్పుకున్నదాన్ని ఇంట్లో మనిషికి ఒప్పుకోలేకపోతున్నాం, అంతే. దీని వెనక నా అనుమానం ఒకటుంది. మన గోడల మీద క్యాలెండర్లు చేరినప్పటి నుంచే ఈ ఇబ్బంది మొదలైంది. రవివర్మ 1894లో బొంబాయిలో ప్రెస్సు పెట్టి లక్ష్మినీ సరస్వతినీ నిజం ఆడవాళ్ల ఒంటిరంగుతో, నిజం చీర మడతలతో అచ్చు వేసి ఇంటింటికీ చేర్చాడు. గొప్ప పనే. కానీ ఆ తర్వాత మన కంటికి బొమ్మంటే ఫొటోలా ఉండాలనే కొలత ఒకటి అలవాటైపోయింది. నేను కూడా గళ్లు కొట్టి క్యాలెండర్ బొమ్మలు దించే చెయ్యి నేర్చుకున్నవాణ్ణే.

ఇక చేతులు. నాకు ఈ బొమ్మలో ముఖం కంటే ఇవే ముఖ్యంగా కనిపించాయి, కాబట్టి కాస్త ఆగి చూద్దాం. ఫొటోను పెద్దది చేసి కుడిచేతి బొటనవేలు చూడండి. మొదలు దగ్గర కండ ఉబ్బు ఉంది. చూపుడువేలికి మూడు కణుపులూ ఉండాల్సిన చోటే ఉన్నాయి. ఒక కణుపు వాచి పక్కకు తిరిగింది, కీళ్లనొప్పులున్న చేతికి తిరిగినట్టే. సైజు పెంచింది గానీ కీలు ఎక్కడా తప్పలేదు. రానివాళ్ల చెయ్యి పెద్దదవ్వదు, అరటిగెల అవుతుంది.

మరి ఎందుకు పెంచింది? ఇక్కడ ఒక పని చెయ్యండి. మీ వేళ్లతో ఫొటో కింది భాగాన్ని మూసి, చేతులు లేకుండా చూడండి. ఒక ముసలావిడ, తల వాలిపోయి, అలిసిపోయి. ఇట్లాంటి బొమ్మలు బజార్లో ఎన్నయినా దొరుకుతాయి. ఇప్పుడు వేళ్లు తియ్యండి. ఆ రెండు చేతులూ వచ్చి ముందు కూర్చుంటాయి. ఆమె అలిసిపోయిన మనిషి అన్నది రెండో మాట అయిపోతుంది, ఏదో పని చేసిన మనిషి అన్నది మొదటి మాట అవుతుంది. బొమ్మలో ఏదైనా వింతగా కనిపిస్తే నేను చేసేది ఇదే. దాన్ని మనసులో సరిచేసి చూస్తాను. సరిచేస్తే బొమ్మ బాగుపడిందా, అది తప్పు. సరిచేస్తే బొమ్మలోంచి ఏదో పోయిందా, అది కావాలని చేసింది.

వాన్ గో అనే డచ్ చిత్రకారుడు 1885లో హాలండ్‌లో ఒక పల్లెలో ఉండి, దీపం కింద బంగాళదుంపలు తింటున్న కూలి కుటుంబాన్ని వేశాడు. ముడుచుకుపోయిన ముఖాలు, మొద్దు వేళ్లు, మట్టి కొట్టుకుపోయిన రంగులు. దానికి ముందు చలికాలమంతా ఆ ఊరి మనుషుల తలలు పదులకొద్దీ వేసి చెయ్యి సాధన చేసుకున్నాడు. తమ్ముడికి రాసిన ఉత్తరంలో తను చూపించదలుచుకున్నదేమిటో చెప్పాడు: గిన్నెలో పెడుతున్న ఆ చేతులతోనే వీళ్లు నేల తవ్వారు, ఆ తిండి వాళ్ల కష్టార్జితం అని. అయినా తోటి చిత్రకారుడు, స్నేహితుడు వాన్ రాపార్డ్ దాని అచ్చు చూసి, మనుషులు కుదరలేదని ఘాటుగా రాశాడు. స్నేహం చెడింది. మీ ఇంట్లో పరిస్థితి అంతవరకూ రాకూడదని కోరుకుంటున్నాను.

ఇప్పుడు మళ్లీ రంగు దగ్గరికి. మీ ఉత్తరంలో చివర ఊరికే రాసినట్టు రాసిన వాక్యం ఉంది చూడండి, అత్తమ్మ బ్యారన్ల దగ్గర కూలికి పోయేదని. నాకు బొమ్మ తెరుచుకున్నది అక్కడ. నేనూ కందుకూరు వైపు బ్యారన్ల పక్కన పెరిగినవాణ్ణే. పొలంలోంచి పచ్చాకు వచ్చి కుప్ప పడితే ఆడవాళ్లు వరసగా కూర్చుని కర్రలకు కట్టేవాళ్లు. ఆ ఆకుకు జిగురుంటుంది. చేతికి అంటితే ముందు పచ్చగా ఉంటుంది, పూట గడిచేసరికి నల్లగా గట్టిపడుతుంది. సబ్బుకు లొంగదు. మధ్యాహ్నం క్యారియర్ విప్పి అన్నం కలుపుకుంటే ముద్ద చేదు. మా అమ్మ పక్కింటి అత్తకు గరిటె ఇచ్చి తినమనేది.

ఇది మనసులో పెట్టుకుని ఫొటో చూడండి. మీరు ఆకుపచ్చ అన్నారు గానీ అది ఒక్క ఆకుపచ్చ కాదు. నుదుటి మీద లేత, చెంప మీద ఆకు రంగు, మెడ దగ్గర ముదురు, మోచేతి దగ్గర ఇంకా ముదురు, వేళ్ల చివర దాదాపు నలుపు. ముఖం నుంచి చేతులకు దిగిందా, చేతుల నుంచి ముఖానికి ఎక్కిందా? నాకు ఎక్కినట్టే కనిపించింది.

వెనకాల పసుపు సంగతి. బ్యారన్‌లో జరిగేదేమిటో మీకు నేను చెప్పనక్కర్లేదు. పచ్చాకు కట్టిన కర్రలు లోపల వేలాడదీసి, మొదట సన్నవేడి మీద ఆకును పండనిస్తారు. పచ్చదనం విరిగి పసుపు తేలాక వేడి పెంచి, ఆ రంగును నిలబెట్టి, ఈనె ఎండేదాకా కాలుస్తారు. నిమ్మపండు రంగు వస్తే వేలంలో ధర. పచ్చదనం మిగిలిపోయిన ఆకుకు ధర తగ్గుతుంది. మీ అమ్మాయి బొమ్మలో వెనకంతా పండిన ఆకు రంగే, ముందు కూర్చున్న మనిషి ఒక్కతే పచ్చాకు రంగులో ఉండిపోయింది.

మీ అత్తమ్మ అడిగిన ప్రశ్న మళ్లీ చదువుకుని నవ్వుకున్నాను. పసిరికలంటే ఒళ్లు పసుపెక్కే జబ్బు. ఆమె చూస్తున్నది ఆకుపచ్చ. అయినా తేడా లేకుండా అడిగేసింది, ఎందుకంటే మన మాటలో రెండూ పచ్చే. ఆకుపచ్చా పచ్చే, పసుపుపచ్చా పచ్చే, ఉడకనిదీ ఎండనిదీ పచ్చి. బొమ్మ మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది. మీ అమ్మాయి ఇదంతా అనుకుని వేసిందా అంటే, అనుకునే వేసి ఉండాలన్న రూలేం లేదు. బ్యారన్ల ఊళ్లో పుట్టిన పిల్ల. కంటికి పట్టిన రంగు కుంచెకు వస్తుంది.

ఇంకో సంగతి, ఇది అర్థానికి కాదు, కంటికి సంబంధించింది. రంగులన్నిట్లో పసుపు బాగా వెలుతురైనది. దాని ముందు ఏది పెట్టినా ముదురుగా, అంచు తెగినట్టు కనిపిస్తుంది. తోలుబొమ్మలాటలో తెర వెనక దీపం పెడితే బొమ్మ ఎట్లా పైకి తేలుతుందో అట్లా. నేల గీత లేదు, గోడ మూల లేదు. వెనక్కి పోవడానికి చోటు లేక ఆమె మన మీదికి వస్తోంది. పైగా తల కాన్వాసు పై అంచుకు దాదాపు తగులుతోంది. లేచి నిలబడిందంటే సగం మనిషి బయటికి పోతుంది. అంత పెద్ద కాన్వాసు తీసుకుని కూడా ఆమెకు చోటు చాలకుండా పెట్టింది. బొమ్మ మొత్తంలో ఎరుపు ఒక్కచోటే ఉంది, చీర అంచు. చూపు భుజం మీద దాన్ని పట్టుకుని, జారుతూ వచ్చి చేతుల మీద వాలుతుంది. ముఖం నుంచి చేతులకు దారి వేసిందన్నమాట. ఇది మాత్రం అనుకుని చేసిన పనే, నాకు సందేహం లేదు.

కళ్ల గురించి పెద్దగా చెప్పడానికి లేదు. గీతలు గీసింది, బాగున్నాయి. కళ్లు తెరిచి పెట్టి ఉంటే మనం కళ్లలోకే చూసేవాళ్లం, చేతుల్ని చూసేవాళ్లం కాదు.

అన్నీ మెచ్చుకుంటున్నానని అనుకోకండి. కుడివైపు కింది మూలలో ఒక గొలుసు, తాళం వేసింది. మీరు ఉత్తరంలో దాని ఊసెత్తలేదు, బహుశా దాంతో మీకు ఇబ్బంది కలగలేదేమో. గొలుసంటే బానిసత్వం అని అందరికీ తెలుసు కదా. నాకు బొమ్మలో ఇబ్బంది పెట్టింది అదొక్కటే. ముందు చెప్పిన పరీక్షే పెట్టండి. బ్లాక్ అండ్ వైట్‌లో ముఖం ముఖంలా నిలబడింది, గొలుసు మాత్రం అట్టముక్కలా అతుక్కుని ఉంది. దాని మీద వెలుతురు ఏ వైపు నుంచి పడుతోందో తెలియదు. నాయనమ్మను ఎదురుగా కూర్చోబెట్టుకుని చూసి వేసింది, గొలుసును చూడకుండా వేసింది. రెండో పరీక్ష: దాని మీద వేలు పెట్టి మూయండి. బొమ్మలోంచి ఏమీ పోదు. చేతులు అంత చెప్పాక మళ్లీ గొలుసు పెట్టడమంటే, చూసేవాళ్లకు అర్థం కాదేమోనని భయపడటం. మూడో ఏడు పిల్లలకు ఈ భయం సహజం, మందలించాల్సిన తప్పు కాదు. అయినా మీ అత్తమ్మ తన బతుకును గొలుసు అంటుందా? చుట్టుపక్కల ఆమె అంత వేగంగా ఆకు కట్టేవాళ్లు లేరని చెప్పుకునే రకమైతే, ఆ గొలుసు చూసి నిజంగానే నొచ్చుకుంటుంది. పచ్చ ముఖానికి కాదు.

ఎగ్జిబిషన్‌కు తప్పకుండా వెళ్లండి. ఫోన్‌లో జానెడు చూసిన బొమ్మ నాలుగడుగుల ఎత్తులో ఎదురుగా నిలబడితే సంగతి వేరే. ముందు పదడుగుల దూరంలో నిలబడండి, తర్వాత చెయ్యి చాచితే అందేంత దగ్గరికి రండి. దగ్గర్నుంచి ముఖం కనిపించదు, రంగు ముద్దలు కనిపిస్తాయి. ఎక్కడ పల్చగా రాసింది, ఎక్కడ రంగులు పూసే కత్తితో మందంగా పెట్టింది అన్నది ఫొటోలో తెలియదు. ఫోన్ కెమెరా రంగుల్ని కాస్త ఎక్కువ చేసి చూపించొచ్చు కూడా, కాబట్టి అసలు బొమ్మ మీరు భయపడుతున్నంత పచ్చగా ఉండకపోవచ్చు.

అమ్మాయిని “దీని అర్థమేంది” అని అడగొద్దు. ఆ ప్రశ్న వినీ వినీ వాళ్లకు విసుగొచ్చి ఉంటుంది. “ఇందులో నువ్వు అన్నిటికంటే ఎక్కువసార్లు చెరిపి వేసింది ఎక్కడ?” అని అడగండి. గంట మాట్లాడుతుంది. నలుగురిలో ఏం మాట్లాడాలా అని బెంగ పెట్టుకోకండి. కనిపిస్తున్నది చెప్పండి చాలు: చేతులు పెద్దవి, పచ్చదనం వేళ్ల దగ్గర ముదిరింది, చీర అంచు చూపును చేతుల దగ్గరికి తీసుకెళ్తోంది. ఇంతకు మించి మాట్లాడేవాళ్లు అక్కడ తక్కువమందే ఉంటారు. మీవారి ఫీజుల బాధకు నా దగ్గర మందు లేదు. మార్కెట్లో రంగు ట్యూబుల ధర చూస్తే ఆయన బాధలో న్యాయం ఉందనే అంటాను.

మీ అత్తమ్మను మాత్రం ఇంట్లో వదిలి వెళ్లకండి. బొమ్మ ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టండి. గొలుసు సంగతి మీరు ఎత్తొద్దు, నేను చెప్పానని అసలే చెప్పొద్దు. ఆమె చూసి ఏదో ఒకటి అంటుంది. మనవరాలికి ఆ మాట మాస్టార్ల మాటలన్నిటికంటే బాగా ఎక్కుతుంది.

చివరగా ఒక చిన్న జాగ్రత్త. బొమ్మను ఇంటికి తెస్తే ప్లాస్టిక్ కవరు చుట్టి మంచం కింద తొయ్యకండి. ఆయిల్ కలర్ పైకి ఆరినట్టున్నా మందంగా పెట్టిన చోట లోపల నెలల తరబడి పచ్చిగానే ఉంటుంది. వంటింటి పొగ తగలని గోడ చూడండి. ఫ్రేము కట్టే షాపతను పైన గ్లాసు వేస్తానంటాడు. గ్లాసు వద్దు, ఉత్త చెక్క ఫ్రేము చాలనండి.